టీవీ మన్నిక: పిక్చర్ ట్యూబ్ నుంచి ప్యానెల్ దాకా

టీవీ సెట్టు ఎండకు, దుమ్ముకు, ఎగుడుదిగుడు కరెంటుకు తట్టుకుని ఎన్నాళ్లు పనిచేయగలదన్న పరీక్ష తెలుగు నేల మీద 1975లో జరిగింది. ఆ ఏడాది ఆగస్టు 1న మొదలై మరుసటి ఏడాది జులై 31న ముగిసిన ‘సైట్’ ప్రయోగంలో నాసాకు చెందిన ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లోని దాదాపు 2400 గ్రామాలకు కార్యక్రమాలు అందాయి. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. బడిలోనో పంచాయతీ ఆఫీసులోనో ఊరికి ఒక్క సెట్టు. దానికి తోడు, కోళ్ల గూళ్లకు కట్టే ఇనుప తీగ వలతో చేసిన మూడు మీటర్ల వెడల్పు యాంటెన్నా. సెట్లను తయారుచేసింది హైదరాబాదులోని ఈసీఐఎల్. కరెంటు రాని కొన్ని ఊళ్లలో వాటిని బ్యాటరీల మీద నడిపారు. సెట్టు చెడిపోతే వెళ్లి బాగుచేసి వచ్చే సిబ్బందిని, విడి భాగాలను ముందే సిద్ధం చేసుకున్నారు.

ఆ చివరి ఏర్పాటు ముఖ్యమైనది. టీవీ మన్నిక ఒక్క తయారీ నాణ్యతతో తేలే విషయం కాదని ఆ ఇంజనీర్లకు తెలుసు. సెట్టులో అన్నిటికంటే ముందు చెడే భాగం ఏది, ఆ భాగం దొరుకుతుందా, దాన్ని మార్చగల మనిషి దగ్గరలో ఉన్నాడా అన్న మూడు ప్రశ్నల మీద సెట్టు ఆయుష్షు ఆధారపడుతుంది. ఆ తరువాత వచ్చిన ప్రతి సాంకేతికతా ఈ మూడింటికి వేరే జవాబులు తెచ్చింది. ఫ్లాట్ స్క్రీన్ టీవీ ఎంపికలో ఈనాటి కొనుగోలుదారు పడే తికమక చాలావరకు, పాత జవాబులతో కొత్త సెట్టును తూచడం వల్ల వచ్చినదే.

ఢిల్లీలో 1959 సెప్టెంబర్ 15న ప్రయోగాత్మకంగా మొదలైన టెలివిజన్ హైదరాబాదుకు చేరడానికి పద్దెనిమిదేళ్లు పట్టింది. 1977లో దూరదర్శన్ కేంద్రం ప్రారంభమైన నాటికే ఈసీఐఎల్ పేరు టీవీతో ముడిపడి ఉంది. అణుశక్తి శాఖ కింద 1967లో ఏర్పడిన ఈ సంస్థను నడిపించిన ఎ.ఎస్. రావు పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లు మనిషి. ఈసీ టీవీ దేశంలో వాల్వులు లేని సాలిడ్ స్టేట్ సెట్ల తొలి తరానికి చెందింది. వాల్వుల సెట్టు వేడెక్కడానికే నిమిషాలు తీసుకునేది, ఆ వేడికే వాల్వులు ఒక్కొక్కటిగా పోయేవి. వాటి స్థానంలో ట్రాన్సిస్టర్లు రావడంతో సెట్టులో వేడి తగ్గింది, కరెంటు ఖర్చు తగ్గింది, మన్నిక పెరిగింది. ట్యూబుల్లో మిగిలింది ఒక్క పిక్చర్ ట్యూబే.

అప్పటి నలుపు తెలుపు సెట్టు చెక్క పెట్టెలో ఉండేది. ముందు పక్కకు జరిపే షట్టర్, కొన్నిటికి తాళం. చిన్న ఉద్యోగికి అది నెలల జీతం, కాబట్టి ఒకసారి కొంటే పిల్లల పెళ్లిళ్ల దాకా ఉండాలన్న లెక్కతోనే కొనేవారు. ఈసీ, డయనోరా, సాలిడేర్, క్రౌన్, టెలివిస్టా, కెల్‌ట్రాన్ వంటి పేర్లలో ఏది మంచిదన్న వాదన చివరికి పిక్చర్ ట్యూబు దగ్గర ఆగేది. ట్యూబులో వెనక చివరన సన్నని హీటరు ఉంటుంది. అది కాథోడ్‌ను వేడిచేస్తే ఎలక్ట్రాన్లు వెలువడి ముందున్న ఫాస్ఫర్ పూతను తాకి వెలుగునిస్తాయి. ఏళ్లు గడిచేకొద్దీ కాథోడ్ సత్తువ తగ్గి, స్విచ్చి వేసిన చాలాసేపటికి గానీ బొమ్మ రాదు, వచ్చినా మసకగా ఉంటుంది. ఆ దశలో మెకానిక్కు హీటరుకు కాస్త వోల్టేజి పెంచి మరికొన్ని నెలలు లాగించేవాడు. ట్యూబు ముసలితనం ఇలా నెమ్మదిగా, కంటికి కనిపిస్తూ వచ్చేది. ఇంటివాళ్లు డబ్బు కూడబెట్టుకోవడానికి వ్యవధి ఉండేది.

1982లో రంగులొచ్చాయి. ఆగస్టు 15 వేడుకలు, నవంబరులో ఢిల్లీ ఆసియా క్రీడలు రంగుల్లో ప్రసారమయ్యాయి. రంగుల సెట్టు లోపల ఇరవై వేల వోల్టులకు మించిన విద్యుత్తు పుడుతుంది. అది గాలిలోని దుమ్మును లాక్కుంటుంది. వానాకాలం చెమ్మ తగిలితే ఆ దుమ్ము మీదుగా చిటపటమని నిప్పురవ్వలు వచ్చేవి. వెచ్చదనానికి వచ్చి చేరిన బల్లి రెండు కొనల మధ్య పడి బోర్డు కాల్చేయడం ప్రతి షాపులోనూ చూసిన కేసు. వీటన్నిటికీ మించిన శత్రువు వోల్టేజి. సాయంత్రం మోటార్లు, దీపాలు అన్నీ వెలిగే వేళ 230 వోల్టులు రావలసిన చోట బాగా తక్కువ వచ్చేది. రాత్రి పొద్దుపోయాక ఒక్కసారిగా ఎగిసేది. అందుకే టీవీతో పాటు స్టెబిలైజర్ కొనడం ఆనవాయితీ అయింది. టీవీ కింద అరలో టకటకమని రిలే కొట్టుకునే ఆ ఇనప డబ్బా 1980లు, 90ల తెలుగు ఇళ్లలో ఉండి తీరిన వస్తువు.

రేడియో రిపేరు షాపులే టీవీ షాపులుగా మారాయి. టంకం పెట్టడం, మీటరు పట్టడం తెలిసినవాడు పుస్తకాలు చదివో, పెద్ద షాపులో రెండు మూడేళ్లు చేతికింద పనిచేసో టీవీ నేర్చుకున్నాడు. హైదరాబాదులో కోఠి గుజరాతీ గల్లీ విడి భాగాల అడ్డా. అక్కడ దొరికిన ట్రాన్స్‌ఫార్మర్, ఐసీ మర్నాటి బస్సులో జిల్లా కేంద్రానికి, అక్కడి నుంచి మండలానికి చేరేది. ఆ కాలపు సెట్టులో ప్రతి భాగం విడిగా ఉంటుంది, విడిగా కొలవవచ్చు, విడిగా మార్చవచ్చు. వేడికి టంకం వదులైన ‘డ్రై సోల్డర్’ను మెకానిక్కు బోర్డు మీద పిడికిలితో తట్టి, బొమ్మ వణికిన చోట పట్టేసేవాడు. బ్రాండుకు బ్రాండుకు తేడా ఉన్నా లోపలి పద్ధతి ఒకటే కావడంతో ఒకడు నేర్చిన విద్య అన్ని సెట్లకూ పనికొచ్చేది. పాత సెట్లు ఇరవై ఏళ్లు నడిచాయని ఇప్పుడు చెప్పుకునే మాటలో సగం ఘనత ఈ మెకానిక్కులది. మధ్యలో ఐదారుసార్లు షాపుకు వెళ్లి రావడం వల్లే ఆ ఇరవై ఏళ్లు సాధ్యమయ్యాయి.

ఆర్థిక సరళీకరణ తరువాత విదేశీ కంపెనీలు వరసగా వచ్చాయి. పోటీ పెరిగి ధరలు దిగాయి. 1990ల చివర అకాయ్ బ్రాండు పాత టీవీ ఇచ్చి కొత్తది పట్టుకెళ్లే ఎక్స్‌ఛేంజ్ పథకంతో మార్కెట్‌ను ఊపేసింది, మిగతావాళ్లు అనుసరించారు. నడుస్తున్న సెట్టును మార్చడం అనే అలవాటు మధ్యతరగతికి అప్పుడే అబ్బింది. ఈటీవీ, జెమిని 1995లో మొదలై, కేబుల్ వైరు గడపగడపకూ చేరాక టీవీ రోజులో గంటో రెండు గంటలో కాక పొద్దంతా నడిచే వస్తువైంది. ముందు అద్దం వంపు లేకుండా చదునుగా ఉండే ‘ఫ్లాట్’ ట్యూబు సెట్లు 2000 తరువాత ఇళ్లలోకి వచ్చాయి. అవి బయటికి ఫ్లాట్, లోపల పాత పిక్చర్ ట్యూబే.

నిజమైన పలచని తెర వేరే దారుల్లో వచ్చింది. ప్లాస్మా తెరను 1964లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో కనిపెట్టారు. ద్రవ స్ఫటికాల తెరను 1968లో ఆర్‌సీఏ సంస్థ బయటపెట్టింది, జపాన్ కంపెనీలు దాన్ని మొదట కాలిక్యులేటర్లలో, గడియారాల్లో పెట్టి నేర్చుకుని టీవీ దాకా తెచ్చాయి. ప్లాస్మాలో ప్రతి చుక్కా తనంతట తాను వెలుగుతుంది. రంగు అద్భుతంగా ఉండేది, కానీ కరెంటు ఎక్కువ తినేది, బాగా వేడెక్కేది, ఛానెల్ లోగో ఒకే చోట గంటల తరబడి ఉంటే తెర మీద దాని మచ్చ మిగిలిపోయేది. ఎల్‌సీడీ తెరకు సొంత వెలుగు లేదు. వెనక నుంచి దీపం కావాలి, తెర ఆ వెలుగును ఆపుతూ వదులుతూ బొమ్మ కడుతుంది. 2007 చివరికి ప్రపంచవ్యాప్త అమ్మకాల్లో ఎల్‌సీడీ పిక్చర్ ట్యూబును దాటేసింది. 2014 ముగిసేసరికి పెద్ద కంపెనీలన్నీ ప్లాస్మా తయారీ ఆపేశాయి. ప్లాస్మా కొన్నవాళ్లకు అప్పటి నుంచి కొత్త ప్యానెల్ దొరకడం కష్టమైంది. సెట్టు ఎంత బాగున్నా దాని వెనకున్న పరిశ్రమ ఆగిపోతే మన్నికకు గండి పడుతుందనడానికి ప్లాస్మాను మించిన ఉదాహరణ లేదు.

తెలుగు పల్లెల్లో చాలాచోట్ల మొదటి ఫ్లాట్ టీవీ షోరూం నుంచి రాలేదు, గల్ఫ్ నుంచి విమానంలో వచ్చింది. కరీంనగర్, నిజామాబాద్ ఊళ్ల నుంచి, కోనసీమ నుంచి, కడప నుంచి దుబాయ్, కువైట్ వెళ్లినవాళ్లు సెలవుకు వస్తూ టీవీ పెట్టెను లగేజీలో వేసుకుని తెచ్చేవారు. అక్కడ ధర తక్కువ, ఇక్కడ 35,000 రూపాయల దాకా సామానుకు సుంకం మినహాయింపు ఉండేది. రూపాయి పతనమవుతున్న 2013లో ప్రభుత్వం ఈ వెసులుబాటును ఫ్లాట్ టీవీలకు తీసేసింది. ఆగస్టు 26 నుంచి ప్రయాణికులు తెచ్చే టీవీ మీద సెస్సుతో కలిపి 36.05 శాతం సుంకం పడింది. డబ్బు లెక్క అటుంచితే, ఆ సెట్లకు మొదటి నుంచీ ఒక చిక్కుంది. వారంటీ కొన్న దేశానికే పరిమితం. ఇక్కడి సర్వీసు సెంటరులో ఆ మోడల్ నంబరే ఉండదు, బోర్డు తెప్పించాలంటే మళ్లీ ఎవరో ఒకరు దుబాయ్ నుంచి తేవాలి. అమెరికా నుంచి వచ్చిన సెట్ల కథ ఇంకాస్త ఇబ్బందికరం. అక్కడి ప్రసార పద్ధతి వేరు, కొన్ని సెట్లు 110 వోల్టులకే తయారైనవి. ఇక్కడి ప్లగ్గులో నేరుగా పెడితే సప్లై బోర్డు అక్కడికక్కడే పోయేది.

2009 తరువాత షాపుల్లో ‘ఎల్ఈడీ టీవీ’ అన్న పేరు కనిపించసాగింది. తెర పాత ఎల్‌సీడీదే, మారింది వెనక దీపం. అంతకుముందు పాదరసం ఉన్న సన్నటి ట్యూబులైట్లు ఉండేవి, వాటి బదులు ఎల్ఈడీలు వచ్చాయి. సెట్టు పలచబడింది, కరెంటు ఆదా అయింది. మన్నిక విషయంలో మాత్రం రెండు కొత్త బలహీనతలు వచ్చి చేరాయి. ఈ కాలపు సెట్టును ఎంచుకోవడానికి ఈ రెండూ తెలిస్తే చాలావరకు సరిపోతుంది.

మొదటిది బ్యాక్‌లైట్. పొడవాటి అల్యూమినియం పట్టీ మీద పది పన్నెండు ఎల్ఈడీలు వరసగా, ఒకదాని తరువాత ఒకటిగా కలిపి ఉంటాయి. అందులో ఒక్కటి తెగిపోతే ఆ వరస మొత్తానికి కరెంటు ఆగుతుంది, రక్షణ సర్క్యూటు మిగతా వరసలనూ ఆర్పేస్తుంది. మాట వినిపిస్తుంది, తెర నల్లగా ఉంటుంది. మెకానిక్కు చీకట్లో సెల్‌ఫోన్ టార్చిని తెరకు ఏటవాలుగా ఆనించి చూస్తాడు. లోపల బొమ్మ లీలగా కదులుతుంటే ప్యానెల్ బాగుంది, పోయింది పట్టీ మాత్రమే. పట్టీల ఖరీదు వందల్లోనే. కష్టమంతా వాటిని చేరుకోవడంలో ఉంది. సెట్టును దుప్పటి మీద బోర్లా పెట్టి, వెనక మూత, బోర్డులు తీసి, కాగితంలా పలచని ప్యానెల్‌ను గాజు పట్టే రబ్బరు కప్పులతో ఎత్తి పక్కన పెట్టాలి. దాని కింద మూడు నాలుగు పొరల వెలుగు పంచే షీట్లు ఉంటాయి, వాటిని వరస తప్పకుండా తీయాలి. చెయ్యి కాస్త బరువు పడితే ప్యానెల్ పగులుతుంది. పగిలితే సెట్టు విలువ దాదాపు అంతా పోయినట్టే. అందుకే కొంతమంది మెకానిక్కులు 55 అంగుళాల సెట్టును ఈ పనికి ఒప్పుకోరు.

ఎల్ఈడీ ఆయుష్షును కంపెనీలు వేల గంటల్లో చెబుతాయి. ముప్పై వేల గంటలంటే రోజుకు ఐదు గంటల చొప్పున పదహారేళ్లు. ఆ అంకె ఎల్ఈడీ వెలుగు సగానికి తగ్గే కాలాన్ని, అదీ అనువైన వేడిమిలో చెబుతుంది. పూర్తి వెలుగులో నడిపితే, గాలి ఆడని గోడ గూటిలో బిగిస్తే ఆ లెక్క తప్పుతుంది. షోరూం వెలుగులో మెరవడానికి కంపెనీ పెట్టి పంపే ‘వివిడ్’ మోడ్ ఎల్ఈడీలకు గరిష్ఠ కరెంటు ఇస్తుంది. ఇంటికి తెచ్చాక బ్యాక్‌లైట్‌ను తగ్గించుకోవడం మన్నిక కోసం కొనుగోలుదారు పైసా ఖర్చు లేకుండా చేయగల పని. దాన్ని ఎవరూ చెప్పకపోవడం విచారకరం. ఎల్ఈడీలు తెర వెనక అంతటా పరిచి ఉన్న సెట్టు కాస్త మందంగా ఉంటుంది, వేడి అంతటా పంచుకుంటుంది. ఒక్క అంచునే పేర్చిన సెట్టు అందంగా, సన్నగా ఉంటుంది, వేడంతా ఆ అంచునే చేరుతుంది. గోడకు చిత్రపటంలా అతుక్కునే సన్నదనానికి మన్నికలో మూల్యం చెల్లించక తప్పదు.

సప్లై బోర్డు కథ కూడా వేడి కథే. దాని మీద నిలబడి ఉండే గుండ్రని కెపాసిటర్లలో ద్రవం ఉంటుంది. వేడి పది డిగ్రీలు పెరిగితే వాటి ఆయుష్షు ఇంచుమించు సగమవుతుంది. 2000 తరువాత కొన్నేళ్లు నాసిరకం ద్రవంతో చేసిన కెపాసిటర్లు ప్రపంచమంతటా కంప్యూటర్లలో, టీవీల్లో తలలు ఉబ్బి చచ్చాయి. అదృష్టవశాత్తూ ఈ జబ్బు నయం చేయడం తేలిక. ఉబ్బిన కెపాసిటర్‌ను 105 డిగ్రీల రకంతో మార్చే పని చిన్న పట్నంలోనూ జరుగుతుంది. ఈ బోర్డులు చాలావరకు 100 నుంచి 240 వోల్టుల దాకా తట్టుకుంటాయి కనుక పాత స్టెబిలైజర్ అవసరం తగ్గింది. పిడుగులు, కరెంటు పోయి తిరిగి వచ్చేటప్పటి ఎగుళ్లు మాత్రం ఇప్పటికీ ప్రమాదమే. సెట్‌టాప్ బాక్సు కేబుల్ మీదుగా వచ్చిన దెబ్బ హెచ్‌డీఎంఐ ద్వారా మదర్ బోర్డును కాల్చిన సందర్భాలు వర్షాకాలంలో షాపులకు బాగా వస్తాయి.

రెండో బలహీనత ప్యానెల్. దాని అంచున వెంట్రుక కంటే సన్నని తీగలున్న పట్టీలు గాజుకు అతికి ఉంటాయి. వేడికి, చెమ్మకు అతుకు వదిలితే నిలువు గీత పడుతుంది. విశాఖ, కాకినాడ వంటి తీర పట్నాల ఉప్పు గాలిలో ఈ బాధ ఎక్కువ. అతుకును తిరిగి వేసే యంత్రాలు పెద్ద నగరాల్లో ఉన్నా ఫలితానికి హామీ తక్కువ. ప్యానెల్ మార్చాలంటే ధర కొత్త సెట్టుకు దగ్గరగా పోతుంది. పిక్చర్ ట్యూబులా ముందుగా సూచన ఇచ్చి ముసలిది కాదు. నిన్నటి దాకా బాగుండి పొద్దున గీతతో లేస్తుంది.

బ్రాండు పేరు పాతకాలంలో ఇచ్చినంత భరోసా ఇప్పుడు ఇవ్వలేకపోవడానికి కారణం కూడా ప్యానెలే. ప్రపంచంలో పెద్ద ఎల్‌సీడీ ప్యానెళ్లు చేసేవి చేతివేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని సంస్థలే. బీఓఈ, సీఎస్‌ఓటీ వంటి చైనా కంపెనీలు, తైవాన్ కంపెనీలు ఇప్పుడు ముందున్నాయి. కొరియా దిగ్గజం శాంసంగ్ సొంత ఎల్‌సీడీ ప్యానెళ్ల తయారీని 2022లో ఆపేసింది. పది బ్రాండ్ల సెట్లలో ఒకే ఫ్యాక్టరీ ప్యానెల్ ఉండవచ్చు, ఒకే మోడల్‌లో రెండు ఫ్యాక్టరీల ప్యానెళ్లు ఉండవచ్చు. ఈ గొలుసులో తిరుపతి కూడా చేరింది. అక్కడ డిక్సన్ సంస్థ ఇతర బ్రాండ్ల కోసం టీవీలు తయారుచేస్తోంది, టీసీఎల్ తెర యూనిట్లు పెట్టింది. రంగుల టీవీల దిగుమతికి ప్రభుత్వం 2020 జులైలో లైసెన్సు తప్పనిసరి చేశాక దేశంలో బిగించే సెట్ల వాటా పెరిగింది.

స్మార్ట్ టీవీలతో మూడో రకం ముసలితనం మొదలైంది. తెర బాగుంటుంది, బోర్డు బాగుంటుంది, యాప్ మాత్రం ఆగిపోతుంది. 2015లో యూట్యూబ్ పాత పద్ధతికి స్వస్తి చెప్పడంతో 2012కు ముందటి ఎన్నో సెట్లలో ఆ యాప్ మూగపోయింది. దీనికి విరుగుడు చౌకే. హెచ్‌డీఎంఐ పోర్టులో పెట్టే చిన్న స్టిక్కు కొంటే పాత తెరకు కొత్త బుర్ర వస్తుంది. కాబట్టి ధర చెల్లించేటప్పుడు ప్రాసెసర్, యాప్‌ల సంఖ్య కంటే తెర, బ్యాక్‌లైట్, పోర్టుల సంఖ్యకు విలువ ఇవ్వడం తెలివైన పని. ఓఎల్ఈడీ తెరకు బ్యాక్‌లైట్ గొడవ లేదు, చుక్కలు వాటంతట అవే వెలుగుతాయి. అయితే ప్లాస్మా నాటి మచ్చ సమస్య కొంత దానికీ ఉంది. రోజంతా వార్తా ఛానెల్ నడిచి, కింద స్క్రోలింగ్ పట్టీ ఎప్పుడూ ఉండే ఇంటికి అది సరిపడదు.

చట్టాల సాయం నెమ్మదిగా వస్తోంది. 2012 నాటి ఉత్తర్వు కింద 32 అంగుళాలు, ఆపై సైజు ఫ్లాట్ టీవీలకు బీఐఎస్ నమోదు తప్పనిసరి అయింది. ఆ గుర్తు షాకు, నిప్పు ప్రమాదాల నుంచి భద్రతకు సంబంధించినది, మన్నికకు హామీ కాదు. ఐరోపా సమాఖ్యలో 2021 మార్చి నుంచి టీవీ కంపెనీలు ముఖ్యమైన విడి భాగాలను కనీసం ఏడేళ్లు అందుబాటులో ఉంచాలి. ఫ్రాన్సు అదే ఏడాది ప్రతి టీవీ మీద మరమ్మతు సులువును పదికి ఇన్ని అని మార్కుల్లో ముద్రించడం మొదలుపెట్టింది. భారతదేశంలో వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో మరమ్మతు హక్కుపై కమిటీ వేసి, ఆ ఏడాది డిసెంబరులో పోర్టల్ తెరిచింది. కంపెనీలు తమంతట తాము అందులో వివరాలు పెట్టాలి. ఐరోపాలా ఇన్నేళ్లు భాగాలు ఇచ్చి తీరాలన్న నిబంధన ఇక్కడ వస్తే తప్ప కొనుగోలుదారుకు నిజమైన బలం రాదు.

అది వచ్చేలోగా చూసుకోవలసినవి షోరూంలో కాకుండా ఊళ్లోనే ఉన్నాయి. ఆ బ్రాండు సర్వీసు సెంటరు జిల్లా కేంద్రంలో ఉందా, లేక హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో మనిషి రావాలా అని అడగాలి. వారంటీ మొత్తం సెట్టుకు ఎంత, ప్యానెల్‌కు విడిగా ఎంత, బ్యాక్‌లైట్ ప్యానెల్ కింద లెక్కకు వస్తుందా రాదా అన్నది బిల్లు మీద రాయించుకోవాలి. అన్నిటికంటే పనికొచ్చేది దగ్గరి రిపేరు షాపు. అక్కడ గోడకు ఆనించి వరసగా నిలబెట్టిన సెట్లలో ఏ మోడళ్లు రెండు మూడేళ్లకే వచ్చాయో, వేటికి పట్టీలు, బోర్డులు తేలిగ్గా దొరుకుతున్నాయో మెకానిక్కు అడిగితే చెబుతాడు.